సీఎస్‌ఐ గుడి, బాప్టిస్టు సంఘం

అమ్మ తరఫు మెదక్ సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), నాన్న తరఫు ఒంగోలు బాప్టిస్టు. తేడా ముందు బాప్తిస్మం నీళ్ల దగ్గరే కనిపిస్తుంది.

సీఎస్‌ఐలో అయ్యగారు (పాస్టరు) పసిబిడ్డ నుదుట నీళ్లు పోస్తారు. విశ్వాసం తల్లిదండ్రులు ఒప్పుకుంటారు. పెద్దయ్యాక బిషప్ తలమీద చేతులుంచి నిర్ధారణ (కన్ఫర్మేషన్) ఇస్తారు. బాప్టిస్టుల్లో బిడ్డ కోసం ప్రార్థన చేస్తారంతే. నమ్మానని తన నోటితో చెప్పినవాళ్లనే పూర్తిగా ముంచుతారు. మా మేనత్త తెల్లచీరలో నీళ్లలోంచి లేచినప్పుడు ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లంతా పాటందుకున్నారు. ఇప్పటికీ ఆ పాట వింటే నాకు కళ్లు చెమరుస్తాయి.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది అలా బాప్తిస్మం పొందారు, ఎక్కువమంది మాదిగలు. అది కరువుకాలం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో వాళ్లకు కూలి ఇప్పించాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. ఈ నిగ్రహం నాకెంతో గొప్పగా అనిపిస్తుంది.

పాలన సంగతి: సీఎస్‌ఐ 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి ఏర్పడింది, పాస్టరును డయోసిస్ (బిషప్ పాలనలోని ప్రాంతీయ విభాగం) బదిలీ చేస్తుంది. బాప్టిస్టుల పద్ధతిలో సంఘమే పిలుచుకుంటుంది. నా మటుకు ఆరాధన క్రమం సీఎస్‌ఐదే ఇష్టం, బాప్తిస్మం మాత్రం నాన్న వాళ్లదే.