దుమ్ము లేవని స్టేజీ మీద నాటు నాటు: 95వ ఆస్కార్ వేడుకకి నా మార్కులు

2023 మార్చి 13, సోమవారం తెల్లవారుజామున ఐదింటికి అలారం పెట్టుకుని లేచాను. మేడారం జాతరకి బయల్దేరే రోజు తప్ప నేను అలారం పెట్టుకోవడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. లాస్ ఏంజెలిస్‌లో అప్పటికింకా ఆదివారం సాయంత్రమే. డాల్బీ థియేటర్‌లో 95వ ఆస్కార్ వేడుక మన టైముకి ఐదున్నరకి మొదలై, తొమ్మిది దాటాక అయిపోయింది. మొత్తం చూశాను. కాకపోతే సగం ఇంట్లో, సగం షాపులో జిరాక్స్ మెషిన్‌కి ఆనించి పెట్టిన ఫోన్‌లో. కోపాలు, పూనకాలు రెండూ దిగాక రాద్దామని వారం ఆగాను.

మార్కులు వేయడానికి నువ్వెవరని అడుగుతారేమో. ఇప్పుడు నాది ఆన్‌లైన్ సెంటర్ గానీ, ఒకప్పుడు పరకాలలో పదకొండేళ్లు క్యాసెట్ల షాపు నడిపాను. కాగితం మీద పాటల లిస్టు రాసుకొచ్చి ఖాళీ క్యాసెట్ ఇస్తే రెండ్రోజుల్లో రికార్డింగ్ చేసిచ్చేవాణ్ణి. అరవై నిమిషాల క్యాసెట్‌లో పన్నెండు పాటలు పడతాయి. పదమూడోది కూడా ఎక్కించమంటారు. అది చరణంలో తెగుతుంది, దాని మీద గొడవ. ఆ వ్యాపారం పోయింది గానీ ఒక జబ్బు మిగిలిపోయింది. ఏ పాట విన్నా ఇన్‌లే కార్డు (క్యాసెట్ డబ్బాలో ఉండే అట్ట) తిప్పి రాసిందెవరో చూడాల్సిందే. 1995లో ‘తాజ్‌మహల్’ క్యాసెట్ వచ్చినప్పుడు అట్టా తిప్పి చూస్తే చంద్రబోస్ అని కొత్త పేరు కనబడింది. ఆయనది చిట్యాల మండలం చల్లగరిగ అని తర్వాత తెలిసింది. మా వైపు మనిషి. ఇంకేముంది, ఆ క్యాసెట్‌ని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అంటగట్టాను.

ఈసారి ఆస్కార్ ఉత్తమ పాట పోటీలో ఉన్న ‘ఆర్ఆర్ఆర్’ పాట ‘నాటు నాటు’ రాసింది ఆయనే. కాబట్టి ఆ పొద్దున నేను లేచింది హీరోల కోసం కాదు.

వేడుక మొదలే నాకు చిరాకు తెప్పించింది. రెడ్ కార్పెట్, రెడ్ కార్పెట్ అని ఇన్నేళ్లు ఊదరగొట్టి ఈసారి లేత గోధుమరంగు తివాచీ పరిచారు. షాంపేన్ రంగట. టీవీలో చూస్తే కడగని బండల్లా ఉంది. యాంకర్ జిమ్మీ కిమ్మెల్. ముందు ఏడాది స్టేజీ మీద క్రిస్ రాక్‌కి విల్ స్మిత్ చేతి చెంపదెబ్బ పడింది కదా, దాని మీద జోకులు వేసుకుంటూ కూర్చున్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. మధ్యలో ‘ఆర్ఆర్ఆర్’ని బాలీవుడ్ సినిమా అనేశాడు. ఇంటర్ చదివే మా అమ్మాయి పుస్తకం ముందు పెట్టుకుని ఒక కన్ను టీవీ మీదే వేసింది. “డాడీ, బాలీవుడ్ అన్నడు!” అని లేచి నిలబడింది. పెళ్లికి పిలిచి, శుభలేఖ మీద ఇంటిపేరు తప్పు రాసినట్టుంది. ఇంత పెద్ద వేడుకకి రాసిచ్చేవాళ్లు ఎంతోమంది ఉంటారు, ఒక్కరైనా చూసుకోరా? ఒక మార్కు అక్కడే కోసేశాను. ఆ ప్రసంగం చివర్లో మన పాట డాన్సర్లు వచ్చి స్టెప్పులేసుకుంటూ ఆయన్ని స్టేజీ మీంచి తీసుకెళ్లిపోయారు. అరమార్కు వెనక్కిచ్చాను.

ఇక ‘నాటు నాటు’ డాన్సు. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి.

దీపికా పదుకొణె వచ్చి పరిచయం చేస్తుంటే హాలంతా కేకలు. పాపం, మధ్యమధ్యలో ఆగాల్సి వచ్చింది. తర్వాత రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడటం మొదలుపెట్టారు. తెలుగులోనే. పదం మార్చలేదు, ఇంగ్లిష్ ముక్క కలపలేదు. జొన్నరొట్టె, మిరపతొక్కు, కిర్రుచెప్పులు, కర్రసాము అంటూ రాసిన పాట అది. ఆ మాటలు హాలీవుడ్ నటీనటుల చెవిన పడుతుంటే నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మా ఆవిడ చాయ్ గ్లాసు చేతికిస్తూ “గిదేంది, కండ్లల్ల నీళ్లు?” అంది. చాయ్ వేడిగా ఉందన్నాను. గ్లాసు ఇంకా నోటిదాకా రాలేదు.

మరి డాన్సు? బాగుంది. బాగుందంటే, ఒక్క తప్పు లేకుండా ఉంది. బ్రేసులు అటూ ఇటూ లాగే స్టెప్పు కూడా కొలిచినట్టు పడింది. అదే నాకు నచ్చలేదు. సినిమాలో ఆ పాట తీసింది ఉక్రెయిన్‌లో, కీవ్‌లోని మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు. ప్రేమ్ రక్షిత్ స్టెప్పులకి రామ్‌చరణ్, ఎన్టీఆర్ కాళ్ల కింద నేల అదురుతుంది, దుమ్ము లేస్తుంది. పాట మొదలయ్యేదే పొలంగట్టు దుమ్ముతో కదా. ఇక్కడేమో అద్దంలా మెరిసే స్టేజీ. వెనకాల తెర మీద ప్యాలెస్ బొమ్మ, కింద ఒక్క ఇసుక రేణువు లేదు. పోనీ అంటే, ముందు నిలబడి ఆడిన ఇద్దరిలో ఒక్కడూ మనవాడు కాదు. అమెరికాలో మనవాళ్లు ఎంతమంది కూచిపూడి దగ్గర్నుంచి హిప్‌హాప్ దాకా నేర్చుకుంటున్నారు! దీని మీద అక్కడి మనవాళ్లే గట్టిగా అడిగారు, న్యాయమైన మాటే. అయినా పాట అయ్యేసరికి హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను అప్పటికే నిలబడి ఉన్నాను.

మిగతా అవార్డుల సంగతి గబగబా చెప్పేస్తాను. ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’కి ఏడొచ్చాయి. ఉత్తమ చిత్రం కూడా అదే. ఆ సినిమా తర్వాత పెట్టుకుని చూశాను. గంటయ్యేసరికి ఎవరు ఏ లోకంలో ఉన్నారో లెక్క తప్పి ఆపేశాను. కానీ అందులో సహాయ నటుడిగా గెలిచిన కే హుయ్ క్వాన్ మాట్లాడుతుంటే ఆపలేకపోయాను. శరణార్థి శిబిరం నుంచి వచ్చిన మనిషి, చిన్నప్పుడు సినిమాల్లో వెలిగి ఆ తర్వాత ఏళ్ల తరబడి వేషాల్లేనివాడు. ఇంట్లో కూర్చుని చూస్తున్న 84 ఏళ్ల తల్లిని పిలిచి, అమ్మా, నాకు ఆస్కార్ వచ్చిందని ఏడ్చాడు. అరవై ఏళ్ల మిషెల్ యో, మీ వయసైపోయిందని ఎవరైనా అంటే వినకండని ఆడవాళ్లతో అంది. మా ఆవిడ ఆ మాట నాతో రెండుసార్లు చెప్పించింది.

మన దేశానిదే ఇంకోటి గెలిచింది, ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’. డాక్యుమెంటరీ షార్ట్. దర్శకురాలు కార్తీకి గోన్సాల్వెస్ మాట్లాడారు. నిర్మాత గునీత్ మోంగా నోరు తెరిచేలోపే మ్యూజిక్ వాయించేశారు. ఒక్కో అవార్డుకి నలభై అయిదు సెకన్లే అట. అదే వేడుకలో ఒక అమ్మాయి ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషిని వెంటేసుకుని తిరగడానికి టైముంది, గాడిదని స్టేజీ ఎక్కించడానికి టైముంది. మన ఆడియో ఫంక్షన్లలో మైకు దొరికితే వదలరని మనమే ఏడుస్తాం గానీ, అవార్డు తీసుకున్న మనిషి నోరు నొక్కే మర్యాద మాత్రం మనకింకా రాలేదు. ఇక్కడ మార్కు పూర్తిగా కోశాను, వెనక్కిచ్చేది లేదు.

ఏడున్నరకి షాపు తీయాల్సి వచ్చింది. ఎల్లుండి నుంచి ఇంటర్ పరీక్షలు, హాల్‌టికెట్ల ప్రింట్ల కోసం పిల్లలు అప్పటికే మెట్ల మీద కూర్చున్నారు. ఫోన్ జిరాక్స్ మెషిన్‌కి ఆనించి, ఒక చేత్తో ప్రింట్లిస్తూ చూస్తున్నాను. ఎనిమిది దాటింది. బెస్ట్ సాంగ్. జనెల్ మోనే, కేట్ హడ్సన్ కవరు పట్టుకుని వచ్చారు. పోటీలో ఉన్నది చిన్నవాళ్లు కాదు. ‘టాప్ గన్’ పాటకి లేడీ గాగా ఉంది, ‘బ్లాక్ పాంథర్’ పాటకి రిహానా ఉంది. కవరు చింపుతున్నారు. నా ఫోన్‌లో చక్రం తిరగడం మొదలుపెట్టింది.

అంతలో ఎదురుగా టిఫిన్ సెంటర్‌లోంచి పెద్ద అరుపు. అక్కడ టీవీలో న్యూస్ పెట్టుకున్నారు. ఐదింటికి లేచి, కనురెప్ప వేయకుండా చూసినవాడికి విషయం ఉప్మా తినేవాళ్ల ద్వారా తెలిసింది. చక్రం ఆగి బొమ్మ కదిలేసరికి, హాలు చిట్టచివర బయటికి పోయే ద్వారం పక్కన రాజమౌళి వాళ్లు ఎగిరి గంతేస్తున్నారు. అంత వెనకాల కూర్చోబెట్టారా అని కూడా అప్పుడు అనిపించలేదు. తర్వాత అనిపించింది. క్యూలో ముందున్న పిల్లాడి హాల్‌టికెట్ మూడు కాపీలు వచ్చేసింది. ఒక్కదానికే డబ్బులు తీసుకున్నాను.

కీరవాణి స్టేజీ ఎక్కి, తాను అమెరికన్ బ్యాండ్ కార్పెంటర్స్‌ని వింటూ పెరిగానని చెప్పి, వాళ్ల ‘టాప్ ఆఫ్ ది వరల్డ్’ బాణీలో తన మాటలు పెట్టి పాడేశారు. తనకీ రాజమౌళికీ ఇంట్లోవాళ్లకీ ఒకటే కోరిక ఉండేదని, ‘ఆర్ఆర్ఆర్’ గెలవాలని, అది ప్రతి భారతీయుడికీ గర్వమని. నలభై అయిదు సెకన్లలో ఏం చెప్పాలా అని అందరూ కాగితాలు తీసి తడబడుతుంటే, ఈయన బాణీ కట్టుకుని వచ్చారు. సంగీత దర్శకుడంటే అదీ.

పక్కన చంద్రబోస్ ఉన్నారు. ఈ పాట తొంభై శాతం సగం రోజులో అయిపోయిందని, మిగతా పది శాతానికి పంతొమ్మిది నెలలు పట్టిందని ఆయనే చెప్పుకున్నారు. 2009లో ‘జై హో’కి ఇదే అవార్డు వచ్చినప్పుడు రాసిన గుల్జార్ అక్కడికి వెళ్లలేదు, రెహమాన్ ఒక్కరే తీసుకున్నారు. ఇప్పుడు రాసిన మనిషి స్టేజీ మీదే ఉన్నారు. కెమెరా మాత్రం ఆయన్ని సగమే చూపిస్తోంది. కీరవాణి పాట ముగించాక ఆయన “నమస్తే” అన్నారు. అంతే, దిగిపోయారు. పంతొమ్మిది నెలల మనిషికి ఒక్క మాట. నాకు చాల్లేదు. ఒక్క నిమిషం ఇస్తే చల్లగరిగ పేరు ఆ హాల్లో వినబడేదేమో. మొత్తం మీద వేడుకకి ఐదుకి మూడు వేస్తాను. అవార్డు వచ్చింది కదా, ఇంకో అర వేసుకో అని మా అమ్మాయి బేరమాడింది. పాటకి వంద వేస్తాను, వేడుకకి మూడే.

ఆ రోజు సాయంత్రం షాపుకి వచ్చిన ఒకతను అడిగాడు, “అన్నా, కీరవాణి వాళ్ల నాయిన వడ్రంగి పని చేసిండా? కార్పెంటర్లని వినుకుంట పెరిగిన్నన్నడట.” నవ్వాను గానీ పూర్తిగా నవ్వలేకపోయాను. క్యాసెట్ల షాపు పెట్టిన కొత్తలో హైదరాబాద్ నుంచి డజను ఇంగ్లిష్ క్యాసెట్లు తెచ్చి, అద్దాల అరలో షోకి పెట్టాను. అందులో కార్పెంటర్స్‌ది ఒకటుంది. ఆ పేరు చూసి నేనూ అదే అనుకున్నాను మొదట.

రెండ్రోజులకి ఆ బ్యాండ్‌లోని రిచర్డ్ కార్పెంటర్ తన కూతుళ్లతో కలిసి పియానో ముందు కూర్చుని, అదే పాట కీరవాణి కోసం మాటలు మార్చి పాడిన వీడియో వచ్చింది. అది చూశాక అటక మీది అట్టపెట్టె దించాను. ‘తాజ్‌మహల్’ దొరకలేదు, అన్నీ అమ్మేశాను కదా. అడుగున కార్పెంటర్స్ దొరికింది. పైన ప్లాస్టిక్ కవర్ కూడా చింపలేదు, అరవై అయిదు రూపాయల స్టిక్కర్ అలాగే ఉంది. ఇరవై ఎనిమిదేళ్లకి మొదటిసారి కవర్ చింపాను. వేసి వినడానికి ఇంట్లో టేప్‌రికార్డర్ లేదు.