లిజ్జీ మెర్సియే దెక్లూ: ముందుగా వినవలసిన రికార్డు ఏది?

లిజ్జీ మెర్సియే దెక్లూ పేరు చెబితే ఫ్రాన్సులో చాలామందికి గుర్తుకు వచ్చేది ఒక్క పాటే. అది 1984లో వచ్చిన ‘మే ఊ సోఁ పాసే లే గాజెల్’, అంటే ‘జింకలన్నీ ఎక్కడికి పోయాయి’. 1956లో పారిస్‌లో పుట్టి, 2004లో కోర్సికా ద్వీపంలో క్యాన్సర్‌తో కన్నుమూసిన ఈ గాయని రికార్డులను లైట్ ఇన్ ది అటిక్ అనే అమెరికా సంస్థ 2015 నుంచి మళ్లీ విడుదల చేయడంతో, ఆమెను కొత్తగా వినేవారు పెరిగారు. వారికి దొరికే ముఖ్యమైన మూడు ఆల్బమ్‌లూ వేర్వేరు దేశాలలో తయారయ్యాయి కనుక, వాటిలో దేనితో మొదలుపెట్టాలన్నది నిజంగా ఆలోచించవలసిన విషయమే.

మొదటిది 1979లో న్యూయార్క్‌లో చేసిన ‘ప్రెస్ కలర్’. మిషెల్ ఎస్తెబాన్, మైకేల్ జిల్ఖా కలిసి స్థాపించిన జెడ్ఈ రికార్డ్స్ అనే సంస్థ దీనిని విడుదల చేసింది. లిజ్జీ గిటారును ఎవరి దగ్గరా పద్ధతిగా నేర్చుకోలేదు. తీగలను ఒక్కొక్కటిగా గిల్లుతూ, డిస్కో దరువు మీద ముళ్లలా గుచ్చుకునే స్వరాలు పలికించింది. ‘ఫీవర్’ అనే ప్రసిద్ధ గీతంలో జ్వరం అన్న మాట తీసి కణితి అని పెట్టి పాడిన పాట కూడా ఇందులో ఉంది. ఆమె ఎలా మరణించిందో తెలిసిన తరువాత ఆ పాటను మునుపటిలా వినడం నా వల్ల కాలేదు. ధైర్యంలో ఈ రికార్డుకు సాటి లేదు, కానీ కొత్తవారికి ఇది కొంత కరకుగా తోస్తుంది.

జింకల పాట ఉన్న 1984 ఆల్బమ్‌కు తరువాతి కాలంలో ‘జులు రాక్’ అన్న పేరు వచ్చింది. మూడింటిలో అతి సులభంగా మనసుకు పట్టేది ఇదే. జొహానెస్‌బర్గ్‌లో అక్కడి వాద్యకారులతో రికార్డు చేసిన ఈ పాటలలో గిటార్లు గలగలా పారుతుంటాయి. అయితే జాతివివక్ష పాలనలో ఉన్న దక్షిణాఫ్రికాను సాంస్కృతికంగా బహిష్కరించాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1980 డిసెంబరులో కోరిన తరువాతే ఈ రికార్డు తయారైంది. పైగా జింకల పాట బాణీ దక్షిణాఫ్రికాలోని షాంగాన్ జాతికి చెందిన గాయకుడు ఒబెద్ ఎన్గొబెని పాట నుంచి వచ్చింది. అమెరికా గాయకుడు పాల్ సైమన్ దక్షిణాఫ్రికా వాద్యకారులతో చేసిన ‘గ్రేస్‌ల్యాండ్’ ఆల్బమ్ ఇంకా రెండేళ్ల దూరంలో ఉన్న రోజులలో లిజ్జీ చూపిన చొరవను మెచ్చుకుంటూనే, ఎన్గొబెని మూలగీతాన్ని కూడా పక్కన పెట్టుకుని వినడం న్యాయమని నా అభిప్రాయం.

ఈ రెండింటికీ నడుమ 1981లో వచ్చిన ‘మాంబో నసావు’ను నేను అన్నిటికంటే ముందు ఉంచుతాను. బహామాస్ రాజధాని నసావులోని కంపాస్ పాయింట్ స్టూడియోలో, కీబోర్డు వాద్యకారుడు వాలీ బదారూ తోడుగా, ఫంక్ అనే అమెరికా నల్లజాతి నృత్య సంగీతపు లయలకూ ఆఫ్రికా, కరీబియన్ తాళాలకూ మధ్య ఆమె గొంతు కూతగా, కేకగా, చిన్నపిల్ల నవ్వుగా మారుతూ పరుగెత్తుతుంది. న్యూయార్క్ నాటి మొండితనం ఇందులో తగ్గలేదు, జొహానెస్‌బర్గ్‌లో వినిపించబోయే హుషారు అప్పటికే మొదలైంది. కనుక దీనిని విన్నవారికి వెనుకటి రికార్డూ తరువాతి రికార్డూ రెండూ అర్థమవుతాయి. వెంటనే పట్టుకునే పల్లవులు తక్కువే గనుక రెండు మూడు సార్లు వినే ఓపిక కావాలి. అంత తీరిక లేనివారు జింకల పాటతో మొదలుపెట్టవచ్చు. మూడూ విన్న తరువాత, రియో డి జనీరోలో చేసిన ‘వన్ ఫర్ ది సోల్’ ఆల్బమ్‌లో అమెరికా జాజ్ కళాకారుడు చెట్ బేకర్ ట్రంపెట్ పక్కన ఆమె ఎంత నెమ్మదించిందో వినవచ్చు.