జాగ్రత్త: శాకాహారమని చెప్పి మా అమ్మకు చేప రసం పోశారు

న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతాల్లో ఉంటున్నవారు, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను కొత్త రకం భోజనానికి తీసుకెళ్ళాలని అనుకుంటున్నవారు, దయచేసి ఇది చివరిదాకా చదవండి. తక్కువ ధరకు ఎనిమిది వంటకాల టేస్టింగ్ మెనూ (ఒక్కో వంటకం కొద్దికొద్దిగా వరసగా వడ్డించే భోజనం) అన్న ప్రకటన చూసి వెళ్ళి మోసపోయాం. డబ్బు పోయిందన్న బాధతో మాత్రమే రాయడం లేదు. అరవై నాలుగేళ్ళ జీవితంలో గుడ్డు కూడా ముట్టని మా అమ్మ చేత నేనే చేప రసం తాగించాను. "తాగమ్మా, చలికి ఒంటికి మంచిది" అని నా నోటితో చెప్పి మరీ తాగించాను.

రెస్టారెంట్ మాన్‌హట్టన్‌లో ఉంది. కార్డు సంస్థ దగ్గర ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. జపాన్ వంటనూ మధ్యధరా తీరపు వంటనూ కలిపి వండుతారు. ఎదురుగా వంటవాళ్ళు, బల్లకు ఇవతల పది కుర్చీలు. మనిషికి 65 డాలర్లు, ముందే కట్టాలి. ఆ నగరంలో పేరున్న సుషీ బల్లల దగ్గర ఒక్కరి భోజనానికే వందల డాలర్లు అవుతాయి కాబట్టి 65 అనగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. అమ్మ పుట్టినరోజు వస్తోంది. రోజూ ఇంట్లో వండి పెట్టే మనిషికి ఒక్కపూట ఎవరో వండి, ఒక్కొక్కటీ ముందు పెడితే బాగుంటుందని మా ఆయన, నేను అనుకున్నాం.

ఈ రెండు వంటల కలయిక మీద నాకు చిన్నచూపు లేదు. జపాన్‌లో షోదోషిమా అనే దీవిలో 1908 నుంచి ఆలివ్ పండిస్తున్నారు. బొత్తర్గా పేరుతో ఇటలీ వాళ్ళు, కరసుమి పేరుతో జపాన్ వాళ్ళు ఒకే రకం చేప గుడ్లను ఉప్పు పెట్టి ఎండబెట్టుకుంటారు. వంకాయను కాల్చి తినడం రెండు చోట్లా ఉంది, మనకూ ఉంది. ఆ వంకాయ ఉందనే అమ్మకు నచ్చుతుందని నమ్మాను.

బుకింగ్ చేసేటప్పుడు స్పష్టంగా రాశాను: ముగ్గురిలో ఒకరు పూర్తి శాకాహారి, మాంసం, చేప, గుడ్డు ఏదీ వద్దు, పాలు పెరుగు పరవాలేదు. "శాకాహార మెనూ సిద్ధంగా ఉంటుంది" అని రెండో రోజే జవాబు వచ్చింది. దాన్ని దాచుకున్నాను. ఇప్పుడు నా దగ్గరున్న ఆధారం అదొక్కటే.

ఆ రోజు మొదట వచ్చింది కాబూలీ శనగల ముద్ద, హమ్మస్. అందులో తెల్ల మీసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, కలిపారు. అమ్మ బాగానే తిన్నది. రెండోది చిన్న గిన్నెలో వేడి రసం. తోలు తీసిన టమాటా ఒకటి, నాలుగు శనగలు, పైన రెండు చుక్కల ఆలివ్ నూనె. అమ్మ ఒక గుక్క తాగి, "పొగ వాసన వస్తోందే, కట్టెల పొయ్యి మీద కాచినట్టుంది" అన్నది. వడ్డించిన అబ్బాయిని అడిగాను. సముద్రపు నాచు, పుట్టగొడుగులు అన్నాడు. నమ్మాను. అమ్మ గిన్నె అంతా తాగేసింది.

మూడోది వంకాయ. నిలువుగా చీరి కాల్చి, మీసో, నువ్వుల ముద్ద రాసి, పైన ఉల్లిపొర కన్నా పల్చటి గోధుమరంగు పొరలు చల్లి తెచ్చారు. వంకాయ వేడికి ఆ పొరలు వణుకుతూ, ముడుచుకుంటూ, ప్రాణమున్నట్టు కదులుతున్నాయి. అమ్మ చెంచా ఎత్తింది. "ఇది కదులుతోందేమిటే?" అని నవ్వుతూ నా వైపు చూసింది. అప్పుడు నాకు తెలిసింది. పళ్ళెం లాగేశాను.

అవి కట్సువోబుషి పొరలు. ట్యూనా జాతికి చెందిన ఒక చేపను ఉడకబెట్టి, పొగబెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెట్టి, దాన్ని చిత్రిక పట్టినట్టు పల్చగా చెక్కుతారు. చూడటానికి చేపలా ఏమాత్రం ఉండదు. తెలియనివారు ఎండిన ఉల్లిపాయ అనో, చెక్కపొట్టు అనో అనుకుంటారు.

వంటాయనను పిలిచి చెప్పాను. ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. "అది పైన అలంకారానికే, తీసేస్తాను" అంటూ పట్టకారుతో ఆ పొరలు ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టాడు. ఆ వేళ్ళ వంక చూస్తుంటే నాకు రసం గుర్తొచ్చింది. పొగ వాసన! "ఇందాకటి రసంలో కూడా ఇదే ఉందా?" అని అడిగాను. "దాషి (రసానికి మూలమైన నీళ్ళు) అందరికీ ఒకటే కాస్తాం. మీ అమ్మగారి గిన్నెలో చేప ముక్కలు వేయలేదు కదా" అన్నాడు.

ఆ మాట విన్నాక నా చేతులు చల్లబడ్డాయి. ముక్క లేకపోతే చేప లేనట్టేనట. ఎముకలు వడగట్టేసిన మాంసం పులుసును పప్పుచారని ఎవరికైనా పోస్తామా?

అమ్మకు ఇంగ్లీషు కొద్దిగానే వచ్చు, అయినా నా ముఖం చూసి అర్థం చేసుకున్నది. ఎవరినీ ఏమీ అనలేదు. మంచినీళ్ళు తాగి, పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "అల్లుడు గారూ, మీరు తినండి, డబ్బు కట్టేశారు కదా" అన్నది. ముగ్గురం లేచి వచ్చేశాం. ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండు. ఆ చలిలో తలస్నానం చేసి, దీపం పెట్టి, మర్నాడంతా ఉపవాసం ఉంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

ఇక దాషి గురించి, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. మన వంటలో చింతపండు, తాలింపు ఎంతో జపాన్ వంటలో దాషి అంత. పులుసుల్లో, సాస్‌లలో, కూరగాయలు ఉడికించే నీళ్ళలో కూడా అదే వాడతారు. మామూలుగా కొంబు అనే సముద్రపు నాచుతో, కట్సువోబుషితో కాస్తారు. కొన్నిచోట్ల ఎండబెట్టిన చిన్న చేపలతో కాస్తారు. అయితే చేప లేకుండా కొంబుతోనో, ఎండు షిటాకే పుట్టగొడుగులతోనో కాచే దాషి కూడా ఉంది. జపాన్ బౌద్ధ మఠాల్లో షోజిన్ ర్యోరి అనే శాకాహార వంట శతాబ్దాలుగా నడుస్తోంది. అందులో వాడేది ఇలాంటి దాషినే. అంటే చేయలేని పని కాదు. ఇంకో కుండ పెట్టడానికి వీళ్ళకు మనసొప్పలేదు, అంతే. తక్కువ ధరకు ఎనిమిది వంటకాలు పెట్టాలంటే అందరికీ ఒకే రసం, ఒకే సాస్ చేసి, శాకాహారి పళ్ళెంలో ముక్క మాత్రం మానేస్తున్నారు.

మధ్యధరా, పాశ్చాత్య వంటల వైపు కూడా కనిపించనివి చాలా ఉన్నాయి. సీజర్ సలాడ్ మీద పోసే దానిలో ఆంకోవీ చేపలు కలుపుతారు. అసలైన పార్మిజానో రెజానో చీజ్‌లో పాలు విరిచేది దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్‌తోనే. ఇది తెలిశాక మన ఇళ్ళలో చాలామంది దాన్ని ముట్టరు. పాన్నా కోట్టా అనే మీగడ తీపి వంటకాన్ని గట్టిపరచేది మామూలుగా జెలటిన్, అది జంతువుల నుంచి వచ్చేది. జపాన్ వైపు పొంజు అనే పుల్లటి సాస్‌లో తరచుగా కట్సువోబుషి ఉంటుంది, టెంపురా పిండిలో గుడ్డు ఉంటుంది. రెండు వంటలు కలిసేచోట రెండింటి చాటు వస్తువులూ కలుస్తాయి.

చేపలు తినేవారికి కూడా ఒక హెచ్చరిక. మూడో వంటకంగా మా ఇద్దరికీ 'వైట్ ట్యూనా' అని ఒక చేప ఇచ్చారు. తెల్లగా వెన్నలా ఉంది, మీద యూజు అనే నిమ్మజాతి పండు రసం, ఆలివ్ నూనె. నేను ఒక ముక్క తిన్నాను, అమ్మ వంకాయ వచ్చేలోపే మా ఆయన నాలుగూ తినేశారు. మర్నాడు మధ్యాహ్నం నుంచి ఆయనకు కడుపునొప్పి, ఆగకుండా విరేచనాలు, నారింజ రంగు నూనె పోయడం. భయపడి డాక్టరుకు ఫోను చేస్తే ఏ చేప తిన్నారని అడిగారు. రెస్టారెంట్‌కు ఫోను చేసి గట్టిగా అడిగితే అది ఎస్కొలార్ అని ఒప్పుకున్నారు.

ఎస్కొలార్ ట్యూనా కాదు. దాని ఒంట్లో మైనం లాంటి కొవ్వు ఉంటుంది, మనిషి పొట్ట దాన్ని అరిగించుకోలేదు. జపాన్ 1977లోనే ఈ చేపను నిషేధించింది. సొంతదేశంలో అమ్మనివ్వని చేపను ఆ దేశపు వంట పేరు చెప్పి ఇక్కడ వడ్డిస్తున్నారు. అమెరికాలో నిషేధం లేదు కానీ దాన్ని దాని పేరుతోనే అమ్మాలి. ఓషియానా అనే సముద్ర పరిరక్షణ సంస్థ 2010 నుంచి 2012 దాకా అమెరికాలో 21 రాష్ట్రాల్లో 1,215 చేపల నమూనాలు పరీక్షించి 2013లో నివేదిక ఇచ్చింది. వైట్ ట్యూనా పేరుతో అమ్మిన నమూనాల్లో 84 శాతం ఎస్కొలారేనని అందులో తేలింది. మీ ముందుకు ఆ పేరుతో చేప వస్తే ఇది ఆల్బకోరా (అది నిజమైన ట్యూనా), ఎస్కొలారా అని అడిగి, జవాబు వచ్చాకే తినండి.

బిల్లు సంగతి తొందరగా చెప్పేస్తాను. మూడు 65లు, 195 డాలర్లు ముందే కట్టాం. కూర్చోగానే "మొదటి దాని మీద కొంచెం ఉని వేయమంటారా?" అని ఆప్యాయంగా అడిగారు. ఉని అంటే సీ అర్చిన్ అనే ముళ్ళ సముద్ర జీవి లోపలి మెత్తటి భాగం. ధర చెప్పలేదు. అది మనిషికి 24 డాలర్లట, ఇద్దరికి 48. మంచినీళ్ళు కావాలా అంటే అవునన్నాం, సీసాలు తెచ్చారు, రెండింటికి 18. మొత్తం 261 మీద 20 శాతం సర్వీస్ ఛార్జి 52.20, నగరంలో అమ్మకపు పన్ను 8.875 శాతం చొప్పున 23.16. అంతా కలిపి 336.36. 65 డాలర్ల భోజనం మనిషికి 112 అయింది, అదీ మూడో వంటకం దగ్గరే లేచి వచ్చాక. దాని మీద, సంతకం పెట్టే తెర మళ్ళీ 18, 20, 22 శాతం టిప్పు అడిగింది. ఆ గాభరాలో సర్వీస్ ఛార్జి ముందే వేశారని చూసుకోకుండా 20 నొక్కేవాళ్ళు ఎంతమంది ఉంటారో.

తలుపు మీద 'ఏ' గ్రేడు కార్డు ఉంది, దాన్ని కూడా చూసే నమ్మాను. న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ ఇచ్చే ఆ గ్రేడు వంటగది తనిఖీకి సంబంధించినది. తప్పుల పాయింట్లు 13 దాటకపోతే 'ఏ' వస్తుంది. గిన్నెలో ఏముందో నిజం చెబుతారన్న హామీ అందులో లేదు.

కొందరు స్నేహితులు "చేప అలర్జీ అని చెప్పాల్సింది, అప్పుడు భయపడి జాగ్రత్తగా చేస్తారు" అన్నారు. నాకు ఆ సలహా నచ్చలేదు. అలర్జీ లేనివాళ్ళు ఉందని చెప్పీ చెప్పీ, నిజంగా ప్రాణాపాయం ఉన్నవాళ్ళ మాటకు విలువ పోతుంది. అమ్మ నియమం అమ్మది, దాన్ని నియమంగానే గౌరవించమని అడిగే హక్కు మనకుంది. కాకపోతే 'శాకాహారం' అన్న ఒక్క మాటతో ఊరుకోకూడదు. వస్తువుల పేర్లు పెట్టి అడగాలి.

ఆ తరువాత నేను మరో రెండు చోట్లకు ఇలా రాశాను: "మీ దాషిలో కట్సువోబుషి గానీ ఎండు చేపలు గానీ ఉన్నాయా? శాకాహారికి వేరే కుండలో కాస్తారా? సాస్‌లలో చేప, ఆంకోవీ, గుడ్డు ఉన్నాయా? చీజ్‌లో ఏ రెనెట్ వాడారు? తీపి వంటకంలో జెలటిన్ ఉందా? చెప్పిన ధర కాక ఇంకేమి కట్టాలి, సర్వీస్ ఛార్జి ఎంత?" ఒక చోటి నుంచి జవాబే రాలేదు. రెండో చోటి నుంచి మాత్రం "మా వంటలన్నిటికీ దాషియే ఆధారం, మీ అమ్మగారికి న్యాయం చేయలేం, దయచేసి రావద్దు" అని రాశారు. ఆ ఉత్తరం చదివి నాకు కళ్ళు చెమర్చాయి. ఈ పాటి నిజం మొదటి రెస్టారెంట్ వాళ్ళు ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి మేము ఇంట్లో పులిహోర తిని ఉండేవాళ్ళం.

మీకు ఇలాంటిది జరిగి ఉంటే మెనూ కార్డు, బిల్లు, బుకింగ్ జవాబు ఏదీ పారేయకండి, ఫోటో తీసి పెట్టుకోండి. నగరంలో జరిగితే నగర సేవల నంబరు 311కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు, నేను చేశాను. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, తప్పున్న బిల్లు మీకు పంపిన నాటి నుంచి 60 రోజుల్లోపు కార్డు సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. రెస్టారెంట్ వాళ్ళు ఇప్పటిదాకా అమ్మ 65 డాలర్లు వెనక్కి ఇస్తామన్నారు, మిగతాది మాత్రం ఇవ్వం అంటున్నారు. డబ్బు కన్నా ముందు అమ్మకు క్షమాపణ రాసి పంపమని అడిగాను, దానికి ఇంకా జవాబు లేదు. అమ్మ మార్చి చివరిదాకా ఇక్కడే ఉంటుంది. ఆలోపు ఏదైనా వస్తే ఇక్కడే రాస్తాను.