హార్ట్‌ల్యాండ్ వెంట అయిదు ఊళ్లు

న్యూజీలాండ్‌లోని వెస్ట్‌పోర్ట్‌లో విక్టోరియా స్క్వేర్ రగ్బీ మైదానం గేటు దగ్గర మడతబల్ల వేసుకుని కూర్చున్న పెద్దాయన, నేను కార్డు తీయగానే తల అడ్డంగా ఊపాడు. పక్కనున్న బిస్కెట్ల డబ్బా మూత తీసి చూపించాడు. అందులో నోట్లు, చిల్లర. మనిషికి పది డాలర్లు. మా ఇద్దరి దగ్గరా కలిపినా రెండు డాలర్లకు మించి నగదు లేదు. "ఆట అయ్యాక ఇవ్వండి, ఎక్కడికి పోతారు?" అని లోపలికి పంపేశాడు.

క్రైస్ట్‌చర్చ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఒక సీజను శనివారాలన్నీ చిన్న ఊళ్ల రగ్బీ చూడటానికే కేటాయించాం. న్యూజీలాండ్‌లో ప్రాంతీయ సంఘాల మధ్య జరిగే రగ్బీని 2006లో రెండుగా విడదీశారు. డబ్బున్న పెద్ద సంఘాలు ఒకవైపు, పన్నెండు చిన్న సంఘాలు ఇంకోవైపు. ఈ రెండో దానికే హార్ట్‌ల్యాండ్ ఛాంపియన్‌షిప్ అని పేరు. మన రంజీలో ప్లేట్ గ్రూప్ లాంటిది అనుకోండి. కాకపోతే ఇక్కడ ఆడేవాళ్లకు ఆటే బతుకుతెరువు కాదు. వారమంతా పాడి పశువుల దగ్గరో, వడ్రంగి పనిలోనో, బడిలోనో ఉండి శనివారం మధ్యాహ్నం జెర్సీ తొడుక్కుంటారు. ఆగస్టు మధ్యలో మొదలై అక్టోబరులో ముగుస్తుంది. ఒక్కో జట్టుకు ఎనిమిది మ్యాచులు, అందులో నాలుగు సొంత ఊళ్లో. ఆ తర్వాత మొదటి నాలుగు జట్లు మీడ్స్ కప్ కోసం, తర్వాతి నాలుగు లోచోర్ కప్ కోసం తలపడతాయి. ఆ కప్పుల పేర్లు కోలిన్ మీడ్స్, బ్రయన్ లోచోర్‌లవి. ఇద్దరూ న్యూజీలాండ్ జాతీయ జట్టు ఆల్ బ్లాక్స్‌కు నాయకత్వం వహించినవాళ్లే, ఇద్దరూ చిన్న సంఘాల నుంచి వచ్చిన రైతులే.

పన్నెండింటిలో దక్షిణ దీవికి చెందినవి అయిదు. అయిదింటినీ వాటి సొంత మైదానాల్లోనే చూడాలని పెట్టుకున్నాం. ఆట ఎనభై నిమిషాలు. వచ్చిన చిక్కల్లా, మిగిలిన రోజంతా ఆ ఊరు మనల్ని ఏం చేస్తుందన్నదే.

యాష్‌బర్టన్‌కు బస అక్కర్లేదు. ఇంటి నుంచి గంట ప్రయాణం, గీత గీసినట్టు తిన్నగా పోయే రోడ్డు, రెండు వైపులా చదునైన పొలాలు. మిడ్ కాంటర్‌బరీ జట్టు ఆట బాగుంది, గాలి మాత్రం చెవులు కోసేసింది. రాత్రి భోజనానికి ఇంటికి వచ్చి పెరుగన్నం తిన్నాం. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

టిమరూ సంగతి వేరు. ఇక్కడి సౌత్ కాంటర్‌బరీ 2021, 2022, 2023లో వరసగా మూడు సార్లు మీడ్స్ కప్ గెలిచిన జట్టు. నేను చూసిన అయిదింటిలో స్క్రమ్ (రెండు జట్లూ తలలు వంచి ఒకరినొకరు నెట్టుకునే గుంపు) కదలకుండా నిలిచిందీ, బంతి చేతులు మారేటప్పుడు తడబాటు లేనిదీ వీళ్ల ఆటే. ఆట తెలిసినవాళ్లు ఒక్క ఊరికే వెళ్లగలిగితే ఇక్కడికే వెళ్లండి. కానీ రాత్రి ఉండకండి, ఉంటే జాతీయ రహదారికి దూరంగా ఉండండి. మేం దిగిన మోటల్ సరిగ్గా దాని మీదే ఉంది. తెల్లవార్లూ లారీలు. గోడకు బిగించిన హీటరు ఎర్రదీపం వెలిగించి ఊరుకుంది. ఆఫీసు గదికి ఫోను చేస్తే రాత్రి ఎనిమిది తర్వాత ఎవరూ ఉండరని టేపు వినిపించింది. నూట అరవై డాలర్లు పోసి కోట్లు తొడుక్కుని పడుకున్నాం. పొద్దున కరొలైన్ బే ఒడ్డున కాసేపు నడిచాక కోపం కొంత తగ్గింది కానీ, డబ్బు మాత్రం ఒక్క సెంటు కూడా తగ్గించలేదు.

దక్షిణాన ఇంకో గంట పోతే ఓమరూ. ఇక్కడి నార్త్ ఒటాగో జట్టుకు ఇరుగుపొరుగు శత్రువులు ఇద్దరు: సౌత్ కాంటర్‌బరీ, మిడ్ కాంటర్‌బరీ. ఈ మూడు సంఘాలూ 1946 నుంచి హానన్ షీల్డ్ కోసం కొట్టుకుంటున్నాయి. మేం వెళ్లిన రోజు అలాంటి పోటీయే. సెంటెనియల్ పార్కులో కార్లు మైదానం అంచున ముక్కు లోపలికి పెట్టి నిలబెట్టారు. సొంత జట్టు ట్రై సాధిస్తే (బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనిస్తే) చాలు, హారన్లు ఒక్కసారిగా మోగాయి. చప్పట్ల బదులు హారన్లన్నమాట. మా వెనక కారులో ఓ పెద్దావిడ, అల్లిక మానకుండానే మోచేత్తో హారను నొక్కింది.

ఇక్కడ మోటల్ జోలికి పోకుండా హాలిడే పార్కులో చెక్క గది తీసుకున్నాం. దుప్పట్లు మనవే, స్నానాల గదీ వంటగదీ ఉమ్మడి. టిమరూలో ఇచ్చినదానిలో సగమే తీసుకున్నారు. ఉమ్మడి వంటగదిలో మా ఆవిడ చారు తాలింపు పెట్టేసరికి పక్క పొయ్యి దగ్గర జర్మనీ కుర్రాళ్లు ఇద్దరు తుమ్ముతూ బయటికి వెళ్లారు, మళ్లీ వచ్చి అదేమిటని అడిగి చెరో కప్పు తాగారు. ఆట నాలుగు దాటాక అయిపోతుంది, పెంగ్విన్లు చీకటి పడ్డాక గానీ ఒడ్డుకు రావు. ఆ మధ్య సమయానికి సున్నపురాతితో కట్టిన పాత వీధులు సరిగ్గా సరిపోతాయి. పెంగ్విన్లను చూడటానికి టికెట్టు ఉంది, ఫోటోలు తీయనివ్వరు. ప్రపంచంలో అతి చిన్న జాతి ఇదే, జానెడున్నర ఎత్తు కూడా ఉండవు. అలతో పాటు గుంపుగా వచ్చి, రాళ్ల మీద ఆగి ఊపిరి తీసుకుని, ముందుకు వంగి గబగబా పరుగు. ఫోను పక్కన పెట్టడం వల్లే అంతసేపు చూశాననుకుంటున్నాను.

పశ్చిమ తీరం వైపు రెండు జట్లు. గ్రేమౌత్‌కు ట్రాంజ్‌ఆల్పైన్ రైలెక్కాం. కొండల్లోంచి అయిదు గంటలు. దృశ్యాల గురించి చెప్పాల్సిందంతా ఈపాటికి అందరూ చెప్పేశారు. చెప్పనిదొకటుంది: రైలు ఒంటిగంట ప్రాంతంలో చేరుస్తుంది, గంట తిరిగేసరికి అదే బండి వెనక్కి వెళ్లిపోతుంది. ఆట చూడాలంటే రాత్రి ఉండక తప్పదు. టికెట్టు ఖరీదు, గది ఖరీదు కలిపితే కారే నయం. పైగా మేం వెళ్లిన రోజు వాన ఆగలేదు. వెస్ట్ కోస్ట్ జట్టు బురదలో జారుతూ ఆడింది. ఎవరు ఎవరో ఇరవై నిమిషాల తర్వాత నాకు తెలియలేదు.

చివరగా వెస్ట్‌పోర్ట్. లూయిస్ పాస్ మీదుగా వెళ్లాలి. దారిలో చాలా దూరం ఫోను సంకేతం ఉండదు, పెట్రోలు ముందే నింపుకోవాలి. రీఫ్టన్‌లో టీకి ఆగాం. 1888లోనే వీధులకు కరెంటు దీపాలు పెట్టుకున్న ఊరది.

ఇక్కడి మోటల్ టిమరూ దానికంటే పాతది. కార్పెట్ మీద ఇస్త్రీపెట్టె మచ్చ. అయినా నా ఓటు దీనికే. తాళంచెవి ఇస్తూ యజమానురాలు, పాలు మామూలువా, వెన్న తీసినవా అని అడిగి చిన్న సీసా చేతిలో పెట్టింది. న్యూజీలాండ్ మోటళ్లలో ఇది ఆనవాయితీయే గానీ, ఈవిడ మా ఇద్దరినీ చూసి రెండో సీసా కూడా ఇచ్చింది. "మీవాళ్లు టీలో నీళ్లు తక్కువ పోస్తారు కదా" అంది. పక్కమీద కరెంటు దుప్పటి అప్పటికే వేడెక్కి ఉంది.

సెప్టెంబరు, అక్టోబరు ఇక్కడ వైట్‌బైట్ కాలం కూడా. బుల్లర్ నది ఒడ్డున పొడుగు కర్ర వలలతో మనుషులు కొంగల్లా నిలబడి ఉంటారు. నదిలోకి ఎదురెక్కే పిల్లచేపలు, దారప్పోగులంత సన్నం, గాజులా అవతలిది కనబడుతుంది. వాటిని గుడ్డుసొనలో కలిపి పెనం మీద పోసి, తెల్ల రొట్టె మధ్య పెట్టి నిమ్మకాయ పిండి ఇస్తారు. మైదానం పక్క బండి దగ్గర ఒకటి కొన్నాం. మా ఆవిడ రొట్టె విప్పి చూసింది. పసుపుపచ్చ అట్టులోంచి ఆవగింజల్లా వందల కళ్లు.

"చీరమేను కదండీ ఇది!" అంది.

ఆవిడ పుట్టిల్లు యానాం. దసరా, దీపావళి రోజుల్లో గోదావరిలో చీరమేను పడితే, కొలిచి అమ్ముతుంటే, ధర వినికూడా వెనక్కి తగ్గరట అక్కడ. గారెలు వేస్తారు, కూర వండుతారు. "వీళ్లకు అల్లం, పచ్చిమిర్చి వేయాలని ఎవరూ చెప్పలేదు పాపం" అంటూనే రెండోది కొనిపించింది. చేపలు తినని వాళ్లకు మాత్రం ఈ అయిదు మైదానాల్లోనూ వేడి ఆలూ చిప్సే గతి, ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లండి.

ఆ రోజు ఆట ఇక్కడి జట్టు బుల్లర్‌కూ, గ్రేమౌత్‌లో చూసిన వెస్ట్ కోస్ట్‌కూ మధ్య. ఈ ఇరుగుపొరుగు 1911 నుంచి రండిల్ కప్ కోసం పోటీ పడుతున్నాయి. టిమరూలో చూసిన చక్కదనం ఇందులో లేదు, బంతులు జారాయి, పాసులు తప్పాయి. కానీ ఎవరు పడినా పేరు పెట్టి పిలిచి లేపే గొంతు ఒకటి గట్టు మీద నుంచి వినబడేది. విరామంలో పిల్లలంతా మైదానంలోకి ఉరికి తలా ఒక బంతి తన్నారు. వాళ్లను బయటికి పంపడానికి రిఫరీకి మూడు ఈలలు పట్టాయి.

ఆట అయ్యాక ఏటీఎం వెతుక్కుని వచ్చేసరికి గేటు దగ్గర బల్ల లేదు, పెద్దాయనా లేడు. క్లబ్బు గదిలోకి తొంగి చూశాం. రెండు జట్లూ తలస్నానాలు చేసి ఒకే బల్లల దగ్గర కూర్చుని తింటున్నాయి. ఆయన మూల టీ కెటిల్ దగ్గర కప్పులు సర్దుతున్నాడు. ఇరవై నోటు చాపితే, చేతులు తడిగా ఉన్నాయని చెప్పి అరమీది బిస్కెట్ల డబ్బా వైపు గడ్డం ఊపాడు. మూత నేనే తీసి వేశాను.