ఆడిటర్ ప్రశ్నల ముందు కోహా: కొనుగోలు విభాగంపై దీర్ఘకాల వాడుకరి సమీక్ష

మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాల కొనుగోలు లెక్కలను చాలా ఏళ్లుగా కోహా అనే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లోని అక్విజిషన్స్ (కొనుగోళ్ల) విభాగంలోనే నిర్వహిస్తున్నాము. న్యూజిలాండ్‌లోని ఒక గ్రంథాలయ సంస్థ కోసం తయారై 2000 జనవరిలో వాడుకలోకి వచ్చిన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ గురించి కేటలాగింగ్, పుస్తకాల ఇచ్చిపుచ్చుకోళ్ల కోణంలో ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి, ఆడిట్‌కు అది ఎంతవరకు అక్కరకొస్తుందన్న ఒక్క విషయానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

ఆడిటర్ సాధారణంగా ఒక చెల్లింపు వోచరును చేతిలోకి తీసుకుని, దీనికి బిల్లు ఏది, ఆ బిల్లుకు ఆర్డరు ఏది, ఆర్డరుకు మంజూరు ఎవరిచ్చారు, వచ్చిన పుస్తకం ఏ యాక్సెషన్ నంబరుతో (గ్రంథాలయం ప్రతి ప్రతికీ ఇచ్చే వరుస సంఖ్యతో) ఏ బీరువాలో ఉంది అని వరుసగా అడుగుతారు. ఈ వరుసలో ఆర్డరు నుంచి పుస్తకం దాకా ఉన్న భాగాన్ని కోహా గట్టిగా పట్టి ఉంచుతుంది. ఒక పాఠ్యపుస్తకం 20 ప్రతులకు ఆర్డరు పెడితే మొదటి విడతలో 12 మాత్రమే వచ్చాయనుకుందాం. వాటిని ఆ బిల్లు కింద స్వీకరించగానే ఆర్డరు వరుస రెండుగా విడిపోతుంది. 12 ప్రతుల సొమ్ము నిధిలో (బడ్జెట్టులోని ఆ పద్దులో) ఖర్చు కిందకు చేరుతుంది, మిగిలిన 8 ప్రతుల సొమ్ము ఆర్డరు చేసిన మొత్తం కిందే నిలిచి ఉంటుంది. చేతిరాత రిజిస్టర్లలో ఆడిట్ అభ్యంతరాలు ఎక్కువగా పుట్టేది సరిగ్గా ఇలాంటి విడతల దగ్గరే.

అయితే ఈ ప్రయోజనం దక్కాలంటే ఒక సెట్టింగు సరిగ్గా ఉండాలి. ప్రతి ప్రతికి సంబంధించిన రికార్డు ఆర్డరు పెట్టినప్పుడు తయారు కావాలా, పుస్తకం అందినప్పుడా, కేటలాగింగ్ చేసేటప్పుడా అన్నది మనమే నిర్ణయించవచ్చు. మొదటిది ఎంచుకుంటే రాని పుస్తకాలు కూడా కేటలాగులో కనిపిస్తాయి. మూడోది ఎంచుకుంటే ఆర్డరుకూ ప్రతికీ మధ్య లంకె ఏర్పడదు. లెక్కల దృష్టితో చూస్తే పుస్తకం అందినప్పుడు తయారు చేయడమే నికరమైన పద్ధతి.

బిల్లు మొత్తంపై ఇచ్చే అదనపు రాయితీ, ప్యాకింగు ఖర్చు వంటివాటిని కారణంతో సహా బిల్లు సర్దుబాటుగా నమోదు చేసే సౌకర్యం ఉంది. బిల్లు స్కాన్ ప్రతిని అక్కడే జతచేయవచ్చు. చిల్లర తేడాలు మాత్రం విసుగు పుట్టిస్తాయి. శాతం లెక్కన రాయితీ తీసేసినప్పుడు సరఫరాదారు ప్రతి పుస్తకం ధరను విడిగా రౌండు చేస్తే, సాఫ్ట్‌వేర్ చూపే మొత్తం బిల్లు మొత్తంతో కలవదు. రౌండింగు సెట్టింగుతో ఇది తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు, కాబట్టి బిల్లును మూసే ముందు రెండు మొత్తాలనూ పక్కపక్కన పెట్టి చూడటం తప్పదు.

నా అసలు ఫిర్యాదు సంవత్సరాంతం గురించి. బడ్జెట్టును మూసినప్పుడు ఇంకా అందని ఆర్డర్లు కొత్త బడ్జెట్టులోని అదే నిధికి తరలిపోతాయి. పని సాగడానికి ఇది అవసరమే, కానీ తరువాత ఎప్పుడో పాత సంవత్సరం నివేదిక తీస్తే, ఆ ఏడాది చివరి రోజున ఎన్ని ఆర్డర్లు పెండింగులో ఉన్నాయన్న సంఖ్య అందులో కనిపించదు. ఎస్‌క్యూఎల్ నివేదికలదీ (డేటాబేసును నేరుగా ప్రశ్నించి తీసే నివేదికలదీ) అదే వరస: అవి ఎప్పుడు నడిపితే అప్పటి డేటానే చూపిస్తాయి, సంవత్సరం ముగిసిన నాటి స్థితిని దాచి ఉంచవు. అందుకే బడ్జెట్టు మూసే ముందు నిధుల వారీ నివేదికను, పెండింగు ఆర్డర్ల జాబితాను పీడీఎఫ్‌గా తీసి, బాధ్యుల సంతకాలతో ఫైలు చేయడం మా దగ్గర నియమంగా మారింది. ఎవరు ఏ మార్పు చేశారో చెప్పే లాగ్ ఉంది కానీ, దాన్ని ఆన్ చేసిన నాటి నుంచే అది పనికొస్తుంది. ఆడిట్ నోటీసు వచ్చాక ఆన్ చేస్తే పాత మార్పుల గురించి ఏమీ చెప్పలేదు.

చెల్లింపు దశ కోహాలో లేదు. బిల్లు మూసివేత అంటే సొమ్ము చెల్లించినట్టు కాదు, వోచరు తయారయ్యేది అకౌంట్స్ విభాగంలో. ఈ రెంటినీ కలపడానికి మేము సర్దుబాటులో సున్నా మొత్తంతో ఒక వరుస వేసి, దాని వివరణలో వోచరు నంబరు, తేదీ రాస్తున్నాము. ఇది అడ్డదారే అయినా, ఆడిటర్ చేతిలోని వోచరు నుంచి బిల్లుకు చేరడానికి ఇప్పుడు ఫైళ్లు తిరగేయవలసిన పని లేదు.

జర్నళ్ల చందాల విషయంలో నేను సంతృప్తిగా లేను. సీరియల్స్ (పత్రికల) విభాగంలో సంచిక అందినట్టు నమోదు చేసినా, ఆ సంచికకు చెందిన ఖర్చు భాగం దానంతట అది ఏ నిధిలోనూ కదలదు. చందా కాలం రెండు ఆర్థిక సంవత్సరాల మీదుగా సాగినప్పుడు ఏ ఏడాదికి ఎంత చెందుతుందో, రాని సంచికలకు ఎంత వాపసు రావాలో విడిగా స్ప్రెడ్‌షీటులో లెక్కకట్టుకోవాలి. చందాల మీదే ఎక్కువ సొమ్ము వెచ్చించే గ్రంథాలయాలు కోహాకు మారే ముందు, ఆ స్ప్రెడ్‌షీటును ఎవరు నిర్వహిస్తారో తేల్చుకోవడం మంచిది.