అమీర్‌పేటలో మైనింగ్ వాళ్లకి 'ఆదివాసీ సంప్రదింపుల' కోర్సు: డబ్బులు పెట్టొచ్చా?

కెనడా, ఆస్ట్రేలియా గనుల్లో ఉద్యోగాలకి ట్రై చేసే జియాలజీ, మైనింగ్ ఇంజినీరింగ్ వాళ్ల కోసం అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు శని, ఆదివారాల్లో ఈ కోర్సు నడుపుతున్నారు, గని మొదలయ్యే ముందు అక్కడి ఆదివాసులతో ఎలా మాట్లాడాలో నేర్పుతారు. పేరు రాయను, గొడవలెందుకు. ఫీజు 12,000, అందులోనే సర్టిఫికెట్. అది చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరని ముందే చెప్పేస్తున్నా.

కెనడా క్లాసులు మాత్రం బాగున్నాయి. బ్రిటిష్ కొలంబియాలో ఒకప్పుడు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ మ్యాప్‌లో గడులు ఎంచుకుని ఫీజు కడితే మినరల్ క్లెయిమ్ (అక్కడ ఖనిజాలు వెతుక్కునే హక్కు) చేతికొచ్చేసేదట, ఆ నేల మీద తరతరాలుగా ఉన్నవాళ్లని ముందు ఒక్క మాటైనా అడిగేవాళ్లు కాదు. రెండు ఆదివాసీ సముదాయాలు కేసు వేస్తే 2023లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇది కుదరదంది, పద్ధతి మార్చుకోడానికి 18 నెలలు టైమిచ్చింది. 2025 మార్చి నుంచి సంప్రదింపులు అయ్యాకే క్లెయిమ్. క్లాసులో చాలామంది "ఇలాగైతే ఎక్స్‌ప్లొరేషన్ ఎప్పటికి మొదలవుతుంది సార్" అని గొణిగారు.

దానికి జవాబు ఆస్ట్రేలియాలోని జూకన్ గార్జ్‌లో ఉంది, కానీ సార్ దాన్ని పది నిమిషాల్లో చుట్టేశారు. 2020 మేలో రియో టింటో అనే మైనింగ్ కంపెనీ ఇనుప ఖనిజం కోసం 46,000 ఏళ్ల నాటి మానవ ఆనవాళ్లున్న రాతి గుహల్ని పేల్చేసింది. చట్టప్రకారం అనుమతి 2013లోనే వచ్చింది, కాగితాల్లో వంక పెట్టడానికేం లేదు. అయినా అక్కడి ఆదివాసుల కోపం, పార్లమెంటు విచారణ, ఇన్వెస్టర్ల ఒత్తిడి అన్నీ కలిసి సీఈఓతో పాటు ఇంకో ఇద్దరు పెద్ద తలకాయలు కుర్చీలు ఖాళీ చేయాల్సొచ్చింది. ఆలస్యం అవుతుందని టెన్షన్ పడేవాళ్లకి ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

నాకు బాగా చిరాకు తెప్పించింది చివరి సెషన్. ఊరివాళ్లతో మీటింగ్ ఎలా పెట్టాలో ప్రాక్టీస్ చేయించారు, అంతా "అవును" అనిపించుకోవడం ఎలా అన్నదే. వాళ్లు వద్దంటే ఏం చేయాలి సార్ అని అడిగితే "ఇంకో మీటింగ్ పెట్టండి" అన్నారు! 2013లో ఒడిశాలోని నియమగిరిలో 12 గ్రామసభలూ తవ్వకాలు వద్దన్నాయి, అక్కడి బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) కొండలోనే ఉంది. ఇంకా ఘోరం, సిలబస్‌లో సమతా తీర్పే లేదు. మన బొర్రా దగ్గరి గనుల కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో (రాజ్యాంగం ప్రకారం గుర్తించిన గిరిజన ప్రాంతంలో) ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి మైనింగ్ లీజుకివ్వడం చెల్లదని 1997లోనే సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్‌లో కూర్చుని వాంకోవర్ కోర్టుల గురించి చెప్పి అరకు పక్కన జరిగింది వదిలేస్తే ఎలా?

ఇంటర్వ్యూ దగ్గర్లో ఉండి కెనడా రూల్స్ త్వరగా పట్టుకోవాలంటే చేరొచ్చు, ఆ భాగం వరకే విడిగా ఫీజు అడగండి, ఇస్తారు. మెటీరియల్ ప్రింట్ కాపీ మాత్రం తీసుకోవద్దు, సగం పేజీల్లో అక్షరాలే కనపడవు. నేనైతే 5కి 3 ఇస్తా.