499 రూపాయల ఓట్స్ బార్ కిట్: హాస్టల్ గదిలో చేసి చూశాను

మా హాస్టల్లో టిఫిన్ ఎనిమిదింటికి పెడతారు. నా షిఫ్టు ఏడింటికి. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కి పది నిమిషాల నడక, అక్కడి నుంచి రాయదుర్గం. ఆరింటికల్లా రోడ్డు మీద ఉండాలి. ఆ టైముకి మా వీధిలో పాలవాడు, ఇడ్లీ బండి పెట్టుకోవడానికి నీళ్లు మోస్తున్న అన్న తప్ప ఎవరూ కనిపించరు. మూడేళ్ల నుంచి నా పొద్దుటి తిండి అంటే అరటిపండు, లేకపోతే బిస్కెట్ ప్యాకెట్. పదింటికి కడుపులో మంట మొదలవుతుంది, పన్నెండున్నర దాకా అలాగే లాగాలి.

షాపుల్లో అమ్మే ఓట్స్ బార్లు కొన్నాళ్లు తిన్నాను. ఒక్కోటి యాభై అటూ ఇటూ. నెలకు లెక్కేస్తే కడుపు మంట కంటే ఎక్కువ మండింది. అందుకే సూపర్ మార్కెట్లో ఈ కిట్ కనిపించగానే తీసేసుకున్నాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉంది: ఓవెన్ అక్కర్లేదు, స్టవ్ అక్కర్లేదు, పది నిమిషాల్లో 12 బార్లు. మా హాస్టల్లో గదిలో స్టవ్ పెట్టుకోనివ్వరు, ఇండక్షన్ కూడా నిషేధం. నీళ్లు కాచుకునే కెటిల్ ఒక్కటే అనుమతి. ఈ డబ్బా తయారుచేసినవాళ్లు మా హాస్టల్ నడిపే ఆంటీతో మాట్లాడి చేశారా అనిపించింది.

కంపెనీ పేరు రాయను. వాళ్లతో తగాదా పెట్టుకోవాలని లేదు. ఇలాంటి డబ్బా చేతిలోకి తీసుకున్నప్పుడు దేన్ని చూడాలో చెబితే చాలనుకుంటున్నాను.

లోపల ఏమున్నాయంటే, 250 గ్రాముల రోల్డ్ ఓట్స్, 150 గ్రాముల పీనట్ బటర్ ప్యాకెట్, 75 గ్రాముల తేనె, గుప్పెడు గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు, ఇంకో చిన్న ప్యాకెట్లో చాక్లెట్ చిప్స్, ఒక బటర్ పేపర్ ముక్క, 12 గళ్లున్న సిలికాన్ మౌల్డ్, అంటే అచ్చు. మౌల్డ్ ముదురు ఆకుపచ్చ రంగు. మొదటిసారి సబ్బుతో కడిగినా రబ్బరు వాసన పోలేదు, రెండోసారి వేడి నీళ్లలో నానబెడితే పోయింది.

మొదట ఓట్స్ గురించి. ఇది వాళ్లు సరిగ్గా ఎంచుకున్నారు. రోల్డ్ ఓట్స్‌ను ఆవిరి పట్టి, రోలర్ల కింద నలిపి అటుకుల్లా చేస్తారు. అందుకే ఉడికించకుండా తిన్నా అరుగుతాయి. ముక్కలుగా కోసిన స్టీల్ కట్ ఓట్స్ ఈ పనికి పనికిరావు, పళ్ల కింద రాళ్లలా తగులుతాయి. మరీ సన్నగా ఉండే ఇన్‌స్టంట్ ఓట్స్ అయితే ముద్ద ముద్దగా పిండిలా అయిపోతాయి. నా రూమ్‌మేట్ నన్ను చూసి తనూ చేస్తానని వెళ్లి మసాలా ఓట్స్ ప్యాకెట్ తెచ్చింది. తేనెలో జీలకర్ర, ఉల్లిపాయ పొడి. దాని గురించి ఇంతకంటే రాయను.

ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టాను. డబ్బా వెనక నాలుగు లైన్లే ఉన్నాయి: అన్నీ ఒక గిన్నెలో వేయండి, కలపండి, మౌల్డ్‌లో నొక్కండి, గంట సేపు ఫ్రిజ్‌లో పెట్టండి. అలాగే చేశాను. పీనట్ బటర్ ప్యాకెట్ కత్తిరించగానే ముందు నూనె జారింది, తర్వాత అడుగున గడ్డలా ఉన్నది స్పూనుతో గీకితే వచ్చింది. ఆ ప్యాకెట్ మీద రాసింది వేయించిన పల్లీలు మాత్రమే. అంటే మంచి సరుకే. పల్లీలను ఉత్తగా రుబ్బితే కొన్నాళ్లకు నూనె పైకి తేలుతుంది. అది పాడైనట్టు కాదు. కానీ కత్తిరించే ముందు ప్యాకెట్‌ను చేతులతో బాగా పిసకాలని ఎక్కడైనా ఒక్క ముక్క రాయాలి కదా. రాయలేదు.

కలపడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకే అర్థమైంది, ఇది అంటుకోవడం లేదని. ఓట్స్ పొడిపొడిగా గిన్నె అంచులకు ఎగురుతున్నాయి. చేత్తో నొక్కి నొక్కి మౌల్డ్ నింపాను. కింద ఆంటీ ఫ్రిజ్‌లో పెట్టాను. గంట తర్వాత తీస్తే మెత్తగానే ఉన్నాయి. ఏప్రిల్ నెల, అరవై మంది ఆడపిల్లలున్న హాస్టల్, నిమిషానికోసారి ఎవరో ఒకరు చల్లటి నీళ్ల బాటిల్ కోసం ఆ తలుపు తీస్తారు. రాత్రంతా ఉంచాను. పొద్దున తీస్తే 12లో ఏడు నిలిచాయి. మిగిలిన ఐదూ రాలిపోయి పెరుగులో వేసుకు తినే సరుకు అయ్యాయి. పైగా నిలిచిన ఏడింటికీ ఉల్లిపాయ వాసన. ఫ్రిజ్‌లో పక్కన మూత లేని చట్నీ గిన్నె ఉంది. దీనికి కంపెనీని అనలేను, మూత పెట్టకపోవడం నా తప్పే.

రుచి మాత్రం బాగుంది. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. పల్లీ రుచి ముందు తెలుస్తుంది, తర్వాత తేనె, నమలగా నమలగా ఓట్స్‌లోని పాల తీపి. రెండు తింటే పదకొండున్నర దాకా ఆకలి గుర్తుకు రాలేదు. రుచి బాగుండబట్టే, అసలు తప్పెక్కడ జరిగిందో చూడాలనిపించింది. బాగోకపోతే ఐదొందలు పోయాయనుకుని ఊరుకునేదాన్ని.

తప్పు కొలతల్లో ఉంది. ఇలాంటి బార్‌లో అంటించే పని చేసేవి రెండే: పీనట్ బటర్, తేనె. మన పల్లీ పట్టీలో బెల్లం పాకం చేసే పని ఇక్కడ ఇవి చేయాలి. పాకమైతే చల్లారాక గట్టిపడి పట్టుకుంటుంది. ఇక్కడ పాకం లేదు, కాబట్టి జిగురు ఎక్కువ ఉండాలి. కిట్‌లో ఓట్స్ 250 గ్రాములైతే, రెండు జిగుర్లూ కలిపి 225. దానికి గింజలు, చాక్లెట్ కూడా తోడు. ఎలా నిలుస్తుంది? ఓట్స్ చవక, పీనట్ బటర్ ఖరీదు. అందుకే అలా పెట్టి ఉంటారని నా అనుమానం. డబ్బా నిండుగా కనిపించాలి కదా.

మెయిల్ పెట్టాను. మూడో రోజు జవాబు వచ్చింది, ఓట్స్ కొంచెం తగ్గించి వేసుకోండి, మీ తర్వాతి కొనుగోలుపై పది శాతం తగ్గింపు అని. ఓట్స్ తగ్గిస్తే 12 బార్లు రావు కదా అని తిరిగి రాశాను. దానికి ఇంకా జవాబు లేదు.

ఈ కథంతా ఫోన్లో అమ్మకు చెప్పాను. మాది సిద్దిపేట దగ్గర. "పల్లీ లడ్డూలు చేసి పంపిస్తే వద్దంటవు, గా పల్లీలకే ఐదొందలు పెట్టి కొన్నవా బిడ్డా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మరుసటి వారం ఊరి నుంచి వచ్చిన మా బాబాయి చేతికి కిలో పల్లీలు వేయించి, పొట్టు తీసి, చెరిగి ఇచ్చి పంపింది.

ఇక రెండోసారి. ఆంటీని బతిమాలితే మిక్సీ ఇచ్చింది, తను పక్కన నిలబడతానన్న షరతు మీద. పల్లీలను పెనం మీద రెండు నిమిషాలు వెచ్చ చేయించాను, వెచ్చగా ఉంటే నూనె తొందరగా వదులుతాయి. పావుకిలో జార్‌లో వేసి తిప్పితే ముందు పొడి అయింది. తర్వాత అంచులకు గడ్డలా అతుక్కుంది. ఈ దశలోనే అందరూ ఇక కాదులే అనుకుంటారు. ఆంటీ చెయ్యి ఊరుకోలేదు, చట్నీ అలవాటు, గ్లాసుతో నీళ్లు పోయబోయింది. "ఆంటీ వద్దు!" అని అరిచాను. ఒక్క చుక్క నీళ్లు పడ్డా అది గట్టిగా బిగుసుకుపోతుంది, నిల్వా ఉండదు. ఆపుతూ, గరిటెతో అంచులు కిందికి తోస్తూ, మోటారు వేడెక్కితే రెండు నిమిషాలు విడుస్తూ తిప్పాం. పది నిమిషాలు దాటాక ఒక్కసారిగా మెత్తబడి, దోసె పిండిలా జారడం మొదలైంది. ఆంటీ వేలు పెట్టి నాకి, "ఇందులో ఉప్పు, కారం వేస్తే అన్నంలోకి బాగుంటది" అంది. ఉప్పు మాత్రం చిటికెడు వేశాను.

గదిలో కెటిల్‌లో నీళ్లు మరగబెట్టి వెడల్పాటి గిన్నెలో పోశాను. దాని మీద స్టీల్ గిన్నె పెట్టి అందులో పీనట్ బటర్, తేనె వేసి కలిపితే రెండూ పల్చబడి కలిసిపోయాయి. పది నిమిషాల పని అని వాళ్లు రాసినదాంట్లో ఈ వేడి చేసే మెట్టే లేదు, ఇది లేకపోతే ఎంత కలిపినా ఓట్స్‌కు పట్టదు. ఈసారి ఓట్స్ 150 గ్రాములు, పీనట్ బటర్ 170, తేనె 100, గింజలు ఒక గుప్పెడు. మౌల్డ్ పక్కన పెట్టి, నా చదరపు స్టీల్ టిఫిన్ డబ్బాలో బటర్ పేపర్ పరిచి, ముద్దను వేసి గ్లాసు అడుగుతో గట్టిగా నొక్కాను. నొక్కడంలోనే సగం ఉంది, చేతి వేళ్లతో నొక్కితే చాలదు. మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్. పొద్దున పేపర్ పట్టుకుని పైకెత్తితే పలకలా లేచింది. కత్తితో పది ముక్కలు కోశాను. ఒక్కటీ రాలలేదు.

దీనికైన ఖర్చు కూడా చూశాను. పల్లీలు ఊరి నుంచి ఊరికే వచ్చాయి కాబట్టి వాటి బదులు షాపులో పీనట్ బటర్ కొన్నట్టే లెక్కేశాను. ఓట్స్‌కు ఇరవై ఎనిమిది రూపాయలు, పీనట్ బటర్‌కు అరవై ఐదు, తేనెకు నలభై, గింజలకు పదిహేను. మొత్తం నూట యాభై లోపు, ముక్కకు పదిహేను. కిట్ ముక్క వాళ్లు చెప్పినట్టు 12 వచ్చినా నలభై దాటుతుంది. నాకు వచ్చినట్టు ఏడే వస్తే డెబ్బై.

డబ్బా మీద ఇంకో రెండు మాటలున్నాయి, చెప్పకుండా ఉండలేను. ఒకటి, చక్కెర కలపలేదు అని. తేనె కూడా దాదాపు ఐదింట నాలుగు వంతులు చక్కెరే, చాక్లెట్ చిప్స్‌లో మళ్లీ చక్కెర. మా నాన్నకు షుగర్ ఉంది. ఆ మాట చూసి ఆయన కోసం కొనేవాళ్లు ఉంటారు. రెండోది, ప్రోటీన్ బార్ అని. నేను చేసిన ముక్కలో లేబుళ్లు చూసి లెక్కేస్తే ఆరేడు గ్రాముల ప్రోటీన్, రెండు వందలకు దగ్గరగా కేలరీలు. అదేం తక్కువ కాదు, ఒక గుడ్డులో ఉన్నంత ప్రోటీన్. అయితే జిమ్‌లో పెద్ద పెద్ద డంబెల్స్ ఎత్తే బొమ్మ డబ్బా మీద ఎందుకో తెలియదు. ఇంకా, పల్లీలు పడని వాళ్లుంటారు, ఆఫీసులో ఎవరికైనా పెట్టే ముందు అడిగి పెట్టండి.

ఎండ సంగతి. నిలిచిన ఏడు కిట్ బార్లలో రెండింటిని ఒక శనివారం కోఠి వెళ్తూ బ్యాగులో వేసుకున్నాను. మధ్యాహ్నం ఒంటి గంటకు బస్టాపులో తీస్తే చాక్లెట్ కరిగి డబ్బా మూతకు అంటుకుంది, బార్ వేళ్ల మధ్య వంగింది. సూపర్ మార్కెట్‌లో దొరికే కొన్ని పీనట్ బటర్లతో చేస్తే ఇంకాస్త గట్టిగా నిలుస్తాయి. అందుకు కారణం వాటిలో కలిపే హైడ్రోజనేటెడ్ నూనె, అది మామూలు వేడిలోనూ గడ్డగానే ఉంటుంది. లేబుల్ చూడండి, పదార్థాలు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాసి ఉంటాయి. పల్లీల తర్వాత చక్కెర, ఆ తర్వాత ఈ నూనె. నేనైతే చాక్లెట్ మానేసి, బార్‌ను ఏసీ ఆఫీసులోనే తింటున్నాను. మెట్రోలో తినకూడదు కాబట్టి రాయదుర్గంలో దిగి, మెట్లు దిగుతూ సగం, సీట్లో కూర్చున్నాక సగం.

కిట్‌కు ఐదుకు రెండు ఇస్తాను. ఆ రెండూ ఓట్స్‌కు, పీనట్ బటర్ నాణ్యతకు. పిల్లలతో సెలవుల్లో సరదాగా చేయించాలంటే కొనండి, కానీ ఇంట్లో ఇంకో పీనట్ బటర్ డబ్బా ఉంచుకుని కొనండి. ఓట్స్‌లో మూడో వంతు పక్కన తీసేయండి.

మౌల్డ్ నా దగ్గర లేదు. ఆంటీ అడిగి తీసుకుంది. అల్లం వెల్లుల్లి ముద్ద గళ్లలో నింపి గడ్డ కట్టించుకుంటోంది, కూరకో గడ్డ. మొన్న పిలిచి, ఇలాంటిదే ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది, కిట్ లేకుండా ఉత్త మౌల్డ్ అమ్ముతారా అని అడిగింది.